అవతలి గట్టు పాతర

జూన్ పద్దెనిమిది, ఆదివారం. ఆ మధ్యాహ్నం నేను రేవులమిట్ట మీద ఉరుకుందమ్మ ఇంటి ముందు నీడలో కూర్చుని రాగి సంగటి, ఎండుచేపల పులుసు తిన్నాను. పులుసులో చింతపండు కాస్త ఎక్కువే పడింది. నా భార్య యశోద పోయినప్పటి నుంచి నేనే వండుకునే చప్పిడి కూరలకు అలవాటుపడిన నాలుకకు ఆ పులుపు ప్రాణం పోసింది. రెండో ముద్ద అడగబోతుండగానే ఆమె పళ్లెంలో వేసి, మధ్యలో గుంట చేసి పులుసు పోసింది. యశోద కూడా అంతే, అడగనిచ్చేది కాదు.

తింటున్నంతసేపూ నా పక్కన మడత పెట్టిన నోటీసు ఉంది. గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఉప్పు డబ్బా పెట్టారు. మిట్ట ప్రభుత్వ భూమి అనీ, అక్కడ ఉంటున్నవాళ్లు ఖాళీ చేయాలనీ, ఏదైనా హక్కు ఉందనుకుంటే బుధవారం కర్నూలులో జరిగే విచారణకు అసలు పత్రాలతో రావాలనీ అందులో రాసి ఉంది.

రేవులమిట్ట ఆత్మకూరుకు అవతల, శ్రీశైలం డ్యాం వెనుక నిలిచే కృష్ణ నీళ్ల ఒడ్డున ఉంది. పదీ పన్నెండు ఇళ్లు. అందరూ బెస్తవాళ్లు, చేపలు పట్టి బతుకుతారు. వాళ్ల పెద్దలు కింద ఉన్న రేవులపాడు అనే ఊళ్లో పడవ నడిపేవారు. డ్యాం కట్టినప్పుడు ఊరు మునిగింది. ఊరివాళ్లు తలా ఒక దిక్కుకు పోయినా, పడవవాళ్లు మాత్రం నీళ్లను వదలలేక పక్కనే ఉన్న ఈ మిట్ట ఎక్కారు. ఇప్పుడు మహానంది అనే కాంట్రాక్టరు ఇక్కడ పర్యాటకుల కోసం కుటీరాలు కట్టడానికి లీజుకు అడిగాడు. ఆ తర్వాతే నోటీసు వచ్చింది.

నేను డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. కడపలో బి.ఏ. చరిత్ర చదివాను. కర్నూలులో మా ఇంటి వరండాలో కూర్చుని అడిగినవాళ్లకు అర్జీలు రాసిపెడుతుంటాను. ఉరుకుందమ్మ అలాగే వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, బస్సు దిగి ఎండలో నడిచి వచ్చి, కూర్చోమంటే కూర్చోకుండా చెప్పింది. మిట్ట తమదేననీ, నవాబుల కాలంలో పడవవాళ్లకు ఇనాంగా ఇచ్చారనీ, ఇంగ్లీషు దొరలు దాన్ని ఖాయం చేస్తూ పట్టా కూడా ఇచ్చారనీ. పట్టా ఎక్కడుందని అడిగాను.

“నీళ్ల కింద ఉండాది సారూ,” అంది.

నేను ముందు ఆఫీసుల్లో వెతికాను. పాత ఇనాం రిజిస్టర్ల కట్టల్లో రేవులపాడు కట్ట 2009 వరదలో నాని, ఎండి, ఇటుకలా గట్టిపడిపోయింది. పేజీ విప్పబోతే పొడి రాలింది. ఇక మిగిలింది అసలు పట్టా ఒక్కటే. అది దొరక్కపోతే బుధవారం సాయంత్రానికి ఈ ఇళ్లు వీళ్లవి కావు.

పట్టా కథ ఇది. ఉరుకుందమ్మ మామ ఓబులేసు రేవులపాడుకు చివరి పడవవాడు. ఊరు ఖాళీ చేసిన ఏడు పునరావాసం షెడ్డులో జ్వరంతో పడుకుని, కొడుకు సుబ్బయ్యను, అంటే ఉరుకుందమ్మ భర్తను పిలిచి, “పట్టా పాతరలో పెట్టినాను, నీళ్లు తాకవు, భయపడొద్దు,” అని చెప్పి కన్నుమూశాడు. పాతర అంటే గట్టి నేలలో తవ్విన ధాన్యపు గుంట. పైన మనిషి దూరేంత నోరు, లోపల కడవలాంటి పొట్ట. గడ్డి పరిచి జొన్నలు పోసి, రాతి మూత వేసి మట్టితో మెత్తుతారు. సుబ్బయ్య ఇంటి వెనక అలాంటి పాతర ఉండేది. అది ఊరితో పాటే మునిగింది. నీళ్లు తగ్గి ఊరు బయటపడిన ప్రతి ఎండాకాలమూ సుబ్బయ్య ఆ గుంటలో దిగి గంపలతో బురద ఎత్తిపోశాడు. నీళ్లు తాకవని చెప్పిన తండ్రి మాట అబద్ధం కాకూడదని ఆయన పట్టుదల. ఆ పని చేస్తూ చేస్తూనే ముసలివాడై కన్నుమూశాడు.

ఈ ఏడు నీళ్లు ఎన్నడూ లేనంత కిందికి పోయాయి. పాతర అడుగు దాకా తవ్వవచ్చని ఉరుకుందమ్మ నన్ను పిలిచింది. కళ్లతో చూసినవాడు చదువుకున్నవాడైతే అధికారులు నమ్ముతారని ఆమె లెక్క.

సంగటి తిన్నాక కంబన్న పడవలో బయలుదేరాం. కంబన్న సుబ్బయ్య చెల్లెలి కొడుకు, యాభై ఏళ్లవాడు, విశాలమైన భుజాలు, అంతకంటే విశాలమైన పొట్ట. విశాఖ వైపు నుంచి ఈ నీళ్లకు వలస వచ్చిన జాలర్ల దగ్గర తెరచాప కట్టడం నేర్చుకున్నాడు. యూరియా సంచులు విప్పి, కలిపి కుట్టిన చాప అది. గాలి నిండగానే దాని మీది ఎరువు పేరు తలకిందులుగా ఉబ్బింది.

“పొలంలో ఏసినంత కాలం ఈ యూరియా మాకేం చేయలే సార్,” అన్నాడు. “సంచి మటుకు పనికొచ్చినాది.”

రాయలసీమలో తెరచాప అంటే నవ్వేవాళ్లున్నారు. కానీ కర్నూలు నుంచి కడప దాకా తవ్విన కాలువలో ఒకప్పుడు సరుకుల పడవలు తిరిగాయి. యశోదది కమలాపురం. వాళ్ల ముత్తాత కడప దగ్గర కాలువ ఒడ్డున నిలబడి పడవలు చూసేవాడట. పెళ్లయిన కొత్తలో ఆమె ఆ మాట చెబితే నేను నమ్మలేదు. ఆ రోజు చాప కింద కూర్చుని, చల్లటి తుంపర ముఖాన పడుతుంటే, ఆమెకు చెప్పాల్సింది ఇంకా చాలా ఉందనిపించింది.

మునిగిన ఊరు మొండిగోడలతో, పగుళ్లు వేసిన బురదతో ఉంది. పాతర తేలిగ్గానే దొరికింది. కంబన్న, ఇంకో ఇద్దరు మగవాళ్లు పొద్దు వాలేదాకా బురద ఎత్తారు. చివరికి గడ్డపార రాతికి తగిలింది. అడుగు. ఒక కుండ పెంకు, తాబేలు చిప్ప, అంతే. ఉరుకుందమ్మ గుంట అంచున కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. సుబ్బయ్య ఈ రాతిని చూడకుండానే పోయాడని మాత్రం అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి. చాప దించి తెడ్లు వేశారు. నేను ఊరికే కూర్చోలేక ఆమెను పాత సంగతులు అడగసాగాను. పడవవాళ్లకు కూలి డబ్బుగా ఇచ్చేవారు కాదు. కళ్లాల దగ్గర ప్రతి రైతూ ఏటా ఇంత ధాన్యమని కొలిచి ఇచ్చేవాడు. దాన్ని మేర అంటారు. ఉద్యోగంలో ఉండగా పాత దండకవిలెల్లో, అంటే ఊళ్ల పాత లెక్కల పుస్తకాల్లో చదివాను. పడవవాడు రెండు గట్ల వాళ్లనూ దాటిస్తాడు కాబట్టి రెండు గట్ల నుంచీ మేర రావాలి. అవతలి గట్టు మేర ఎంత వచ్చేదని అడిగాను.

ఆమెకు మొదట గుర్తు రాలేదు. ఆమె తుంగభద్ర ఎగువ ఊళ్ల నుంచి వచ్చిన పిల్ల. పెళ్లయిన మొదటి ఏడు మాత్రం మామ ఇంటిల్లిపాదినీ పడవెక్కించి అవతలి గట్టుకు తీసుకుపోయాడనీ, అక్కడి గుడిసెలో రెండు నెలలు ఉండి వచ్చారనీ చెప్పింది. తర్వాత అవతలి పల్లెకు బస్సు దారి పడింది, పడవ ఎక్కేవాళ్లు తగ్గారు, మేర ఆగిపోయింది. మళ్లీ ఇంట్లోవాళ్లం ఎవరమూ అక్కడికి పోలేదంది.

“ఎందుకు పోయినారమ్మా అక్కడికి?”

“తినేకి సారూ. అవతలోళ్లు ఇచ్చిన జొన్నలు ఆడనే తినాల. పడవోడు సొంత మేర సొంత పడవలో ఏసుకొని దాటకూడదు. ఏసుకుంటే గంగమ్మ దాంట్లో భాగం అడుగుతాదని మా మామ ఒప్పుకునేటోడు కాదు.”

నేను తెడ్డు చప్పుడు ఆగేదాకా ఆగాను. “మరి ఆ జొన్నలు ఏడాదంతా అక్కడ ఎందులో పెట్టేవారు?”

ఆమె నా వైపు చూసింది. కంబన్న తెడ్డు నీళ్లలోనే ఉంచి వెనక్కి తిరిగాడు.

“పాతరలో,” అంది ఆమె. “అవతల మిట్ట మీద. ఆడికి నీళ్లు యాడ వస్తాయి?”

ఇన్నేళ్లూ ఆ ఇంట్లో పాతర అంటే ఇంటి వెనకదే. సుబ్బయ్యకు ఇంకో మాట తోచనే లేదు. పెళ్లయిన ఏడు ఉండి వచ్చిన అవతలి గుడిసె ఆయనకు గుర్తుండి ఉంటుంది, కానీ అది ఇల్లు కాదు, మేర తిని వచ్చే చోటు. ఊరు మునిగేముందు ఓబులేసు ఒక్కడే పోయి పట్టాను అక్కడ దాచి ఉంటాడు; నీళ్లు తాకవు అన్నది ఉన్నదున్నట్టుగానే అన్నాడు.

అవతలి గట్టుకు రోడ్డు మీద పోవాలంటే పక్క రాష్ట్రం చుట్టి, అడవిలో అనుమతులు తీసుకుని పోవాలి. బుధవారంలోగా అయ్యే పని కాదు. నీళ్ల మీద అడ్డంగా పోవడమే దారి. సోమవారం పొద్దున పడవ దించితే అలలు పడవ అంచు దాటి లోపల పడ్డాయి. కంబన్న చెయ్యి ఎత్తి గాలిని చూసి, రేపు అన్నాడు.

ఆ సోమవారమే మహానంది వచ్చాడు. తెల్ల చొక్కా, మెత్తని మాట. ఆ నీళ్ల మీద ఇంజను పడవ అతనికి ఒక్కడికే ఉంది. దాన్ని రేవులో ఆపి, ఫ్లాస్కులో టీ తెచ్చి నాకు పోశాడు. టీ బాగుంది, ఆ మాట దాచను.

“పెద్దోళ్లు మీరు. ఈ వయసులో నీళ్ల మీద ఎందుకు తిరుగుతాండారు సారూ?” అన్నాడు. “వీళ్ల మీద నాకేం పగ లేదు. రోడ్డు పక్కన అందరికీ జాగా ఇప్పిస్తా. రాసిస్తా కావాలంటే.”

ఉరుకుందమ్మ వల అల్లుతూ తల ఎత్తకుండా అడిగింది. “చేపలు రోడ్డు మీదికి వస్తాయా అప్పా?”

అతను నవ్వాడు. బురదలో ఏమైనా దొరికిందా అని అడిగాడు. ఏమీ లేదన్నాం. రేపు ఎక్కడికని అడిగాడు. వేటకన్నాడు కంబన్న. మహానంది నా కళ్లలోకి కాసేపు చూసి, కప్పు తీసుకుని కడిగి, జాగ్రత్తగా ఫ్లాస్కు మీద మూత పెట్టుకుని పోయాడు.

మంగళవారం తెల్లవారగానే ముగ్గురం బయలుదేరాం. చోటు చూపించడానికి ఉరుకుందమ్మ రావాల్సిందే. పడమటి గాలి పక్క నుంచి కొడుతోంది. కంబన్న చాపను ఏటవాలుగా తిప్పి కట్టి, చుక్కాని తెడ్డును చంకలో ఇరికించుకున్నాడు. పడవ ఒక పక్కకు ఒరిగింది. నన్ను ఎత్తు వైపు కూర్చోమన్నాడు. నా బరువు ఎవరికైనా పనికొచ్చి చాలా కాలమైంది. నీళ్లు తోడే డబ్బా ఉరుకుందమ్మ ఎవరికీ ఇవ్వలేదు. నడి ఏటిలో అలలు పెద్దవయ్యాయి. ఒకటి నన్ను నిండా తడిపింది. వెనక్కి పోదామా అని కంబన్న ఆమెను అడిగాడు.

“పోతే యాడికిరా?” అంది, నీళ్లు తోడి బయట పోస్తూ.

అవతలి గట్టు నిటారుగా, ఎర్రగా ఉంది. పల్లె ఆనవాలు రాళ్ల గుట్టలు, ముళ్ల కంపలు. ఉరుకుందమ్మ పైకెక్కి నిలబడి ఏటి వైపు చూసింది. గుడిసె ముందు నిలబడితే ఎదురుగా రెండు కొండల మధ్య సందు కనిపించేదట. పెళ్లికూతురుగా ఆ సందులోంచి పుట్టింటి దిక్కు చూస్తూ ఏడ్చేదట. ఆ సందు కళ్లకు సరిగ్గా పడేదాకా ఆమె పక్కపక్కకు అడుగులు వేస్తూ పోయింది. మేము కంపలు నరుకుతూ వెనక నడిచాం. ఒకచోట ఆగి, ఇక్కడ పొయ్యి, వెనక పాతర అంది.

కంబన్న గడ్డపారతో నేల పొడుస్తూ పోయాడు. చాలాసేపు నేల గట్టిగానే పలికింది. ఎండ నడినెత్తికి వచ్చింది. తర్వాత ఒకచోట గడ్డపార దెబ్బకు కడవ మీద కొట్టినట్టు శబ్దం వచ్చింది. మట్టి తోస్తే రాతి మూత. ఆమె మూత మీద చిటికెడు పసుపు చల్లి, లేపమంది. మూత కదలగానే పాత జొన్నల వాసన, దానితో పాటు ఏదో ఘాటు పైకి వచ్చి మా ముఖాలు పక్కకు తిప్పేసింది.

నేను దిగబోయాను. కంబన్న నా నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. దీపం ప్రమిదను తాడుకు కట్టి లోపలికి దించాడు. నోరు దాటిందో లేదో దీపం ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దించాడు. మళ్లీ ఆరిపోయింది. మూసిన పాతరలో నిలిచిన గాలికి మనుషులు చనిపోయిన ఊళ్లు నాకు తెలుసు, ఆ రిపోర్టులు నేనే రాశాను. మామూలుగా ఒక పగలంతా తెరిచి పెట్టి, మరుసటి రోజు దిగుతారు. మాకు మరుసటి రోజు లేదు.

తలెత్తి చూస్తే కంపలన్నీ తూర్పుకు వంగి ఊగుతున్నాయి. అంత గాలి ఊరికే పోతోంది. ఆ గాలిని లోపలికి పంపలేమా అన్నాను. కంబన్న ఒక్క క్షణం ఆలోచించి, పరుగున పడవ దగ్గరికి పోయి తెరచాప విప్పి తెచ్చాడు. చాప పై అంచును రెండు కొయ్యలకు కట్టి పడమటికి నోరు తెరిచినట్టు నిలబెట్టాడు. కింది భాగాన్ని గొట్టంలా చుట్టి పాతర నోట్లో దూర్చాడు. ఉరుకుందమ్మ, నేను రెండు పక్కలా పట్టుకున్నాం. చాప ఉబ్బింది. లోపల గాలి బుసకొట్టింది. కాసేపటికి మూతి అంచుల నుంచి దుమ్ము, పొట్టు ఎగిరి మా జుట్టులో పడ్డాయి. చేతులు లాగేస్తున్నా ఎవరం వదల్లేదు. ఒక పెద్ద విసురుకు చాప నడిమి కుట్టు పర్రుమని చినిగింది. కంబన్న ఏదో తిట్టాడు, ఎవరినో తెలియదు. మిగిలిన సగం పట్టుకునే నిలబడ్డాం.

పొద్దు వాలుతుండగా మళ్లీ దీపం దించాం. అడుగు దాకా పోయింది. వణికింది. ఆరలేదు.

“నేను దిగుతా,” అన్నాడు కంబన్న.

“నీ పొట్టకు ఈ నోరు సాలదురా,” అంది ఉరుకుందమ్మ.

నడుముకు తాడు కట్టుకుని నేను దిగాను. లోపల చల్లగా ఉంది. గడ్డి పాదాల కింద పొడి అయింది. జొన్నలు పొట్టులా తేలికైపోయాయి. దీపం పక్కన పెట్టి అడుగంతా చేతులతో వెతికాను. రెండుసార్లు వెతికాను. ఏమీ లేదు. పైన ఇద్దరి తలలూ ఆకాశాన్ని మూసేశాయి.

లేచి నిలబడి గోడ తడిమాను. ఎర్రమట్టితో ఎంతో నున్నగా అలికిన గోడ, వేళ్ల గీతలు కూడా వరసగా ఉన్నాయి. అలికిన మనిషి ఓపిక చేతికి తెలుస్తోంది. భుజమెత్తున ఒకచోట నునుపు తప్పింది. అక్కడి మట్టి హడావిడిగా మెత్తినట్టు గరుకుగా ఉంది. వేళ్లతో గీకితే పెళ్లగా ఊడింది. లోపల వెదురు గొట్టం, రెండు చివరలా లక్క.

పైకి అందించాను. ఉరుకుందమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని, తెరవలేదు. తెరుద్దామా అని కంబన్న నన్ను చూశాడు. నాకూ చేతులు ఆగడం లేదు. లోపల ఏముందో తెలియకుండా విచారణకు పోవడం పిచ్చితనమనిపించింది. కానీ ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒకటి చూశాను. అర్జీదారు తెచ్చిన పాత కాగితాన్ని అందరూ మొదట అనుమానిస్తారు. లక్క చెదరకుండా అధికారి ముందే తెరిస్తే, మేము తయారుచేశామని ఎవరూ అనలేరు. లోపల ఏమీ లేకపోతే అందరి ముందూ ఓడిపోతాం. ఆ రెండు మాటలూ ఆమెకు చెప్పాను.

“ఆడనే తెరుద్దాము సారూ,” అంది. గొట్టాన్ని కొంగులో చుట్టి నడుముకు కట్టుకుంది.

చినిగిన చాపను అడ్డంగా మడిచి సగం చాపగా కట్టాడు కంబన్న. నీళ్ల మీదికి వచ్చేసరికి ఇంజను చప్పుడు వినిపించింది. మహానంది పడవ మా మిట్టకూ మాకూ మధ్య తిరుగుతోంది. మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చింది. లోపల అతనూ, ఇద్దరు మనుషులూ. సగం చాపతో ఈ గాలికి మిట్ట చేరలేరనీ, తాడు అందుకుంటే లాక్కుపోతాననీ మహానంది అన్నాడు. అతని చూపు ఉరుకుందమ్మ నడుము మీద ఆగింది.

“ఏంది అవ్వా అది? వెదురా?”

“నా మామ ఎముక,” అంది ఆమె.

ఇంజను పడవలోని మనిషి తాడు విసిరాడు. అది మా పడవలో పడింది. కంబన్న దాన్ని తీసి, మర్యాదగా నీళ్లలోకి వదిలేశాడు. మిట్ట వైపు పోవాలంటే వాళ్ల పక్క నుంచే తెడ్లు వేసుకుంటూ పోవాలి, అది చీకటి పడినా అయ్యేది కాదు. కంబన్న నా చెవి దగ్గర చెప్పాడు. మిట్టకు పోవద్దు, గాలి ఎటు తోస్తే అటు పోదాం. తూర్పున కిందికి, మునిగిపోయిన అడవి మోళ్లు నీళ్లలో నిలబడి ఉన్న చోటుకు. అక్కడ ఇంజను రెక్క ఆడదు, మన పడవ అడుగు సమంగా ఉంది కాబట్టి జారిపోతుంది.

చాప తిప్పాడు. సగం చాపే అయినా వెనక గాలి దాన్ని నింపింది. పడవ ముందుకు దూకింది. ఇంజను చప్పుడు వెంట వచ్చింది, పెరిగింది. నల్లటి మోళ్లు ఎదురయ్యాయి. కంబన్న లేచి నిలబడి వాటి మధ్య సందులు చూస్తూ కాలితో చుక్కాని తోస్తున్నాడు. ఒక మోడు పడవ పక్కను గీరుకుంటూ పోయింది, నేను అరచేత్తో ఇంకోదాన్ని తోశాను, చర్మం లేచిపోయింది. వెనక ఇంజను ఒకసారి గర్జించి, తగ్గి, ఆగింది. మహానంది పిలుస్తున్నాడు, కానీ గాలి మాది, మాట వినపడలేదు.

మా గట్టునే కింది రేవులో పడవ కట్టేసి, గుట్ట దాటి రోడ్డెక్కాం. పాల వ్యాను ఒకటి ఆగింది. నడిపే మనిషి ముగ్గురం ఎందుకు తడిశామని అడగకుండా, క్యాన్ల మధ్య చోటు చేసి, నా చేతికి చుట్టుకోమని తన తువ్వాలు ఇచ్చాడు. ఆత్మకూరులో కర్నూలు బస్సు దొరికింది. ఉరుకుందమ్మ దారి పొడవునా నిటారుగా కూర్చుంది.

బుధవారం విచారణ చేసిన అధికారి ఇంకా ముప్పై నిండని అమ్మాయి. మహానంది తన వకీలుతో ముందు వరసలో ఉన్నాడు. మోళ్ల దగ్గర ఏం జరిగిందో అతనూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. నమస్కారం పెట్టాడు, పెట్టాను. మా వంతు వచ్చాక నేను గొట్టం దొరికిన తీరు చెప్పి, బల్ల మీద పెట్టాను. ఆమె లక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. గుమాస్తాను, వకీలును చూడమంది. తర్వాత చాకుతో తానే లక్క కోసింది.

మొదట మైనపు గుడ్డ వచ్చింది. దానిలో రెండు కాగితాలు. ఒకటి పారసీ రాతలో, నల్లటి ముద్రతో. రెండోది ఇనాం పట్టా. దాని కుడి అంచు పురుగు తినేసింది. విస్తీర్ణం రాసే చోటు ఆ అంచులోనే పోయింది. వకీలు వెంటనే లేచాడు. ఎంత భూమో లేని పట్టా ఏం పట్టా అన్నాడు. అతని మాటలో తప్పు లేదు.

అధికారి అతన్ని కూర్చోమని సైగ చేసి, తలవంచి చదువుతూ పోయింది. హద్దుల దగ్గర ఆగి, వేలు పెట్టి, పైకే చదివింది. ఉత్తరం, పడమర నది. తూర్పు వాగు. దక్షిణం బండరాళ్ల దారి. నడుమ పడవవాళ్లు కాపురముండే మిట్టతో సహా. హద్దులు పూర్తిగా ఉంటే కొలత సర్వేలో తేలుతుందని వకీలుతో అంది. ఈ హద్దుల ప్రకారం సర్వే జరిగేదాకా ఖాళీ చేయించే నోటీసు రద్దు, అక్కడి నుంచి ఎవరినీ కదిలించకూడదు, లీజు సంగతి ఆ తర్వాతే అని గుమాస్తాకు చెప్పి రాయించింది.

ఆ ప్రభుత్వ భాష ఉరుకుందమ్మకు అర్థం కాలేదు. బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“అంటే మా ఇండ్లల్లో మేము పండుకోవచ్చునా తల్లీ?”

“పండుకోవచ్చమ్మా,” అంది ఆ అమ్మాయి. “ఎవరైనా లెమ్మంటే నన్ను అడగమను.”

మహానంది బయట మెట్ల దగ్గర నా కోసం ఆగాడు. సర్వేలో చూసుకుందాం సారూ అన్నాడు, కోపం లేకుండానే. చూసుకుందాం అన్నాను. సర్వే రోజు భూమి కొలిచే గొలుసు ఒక చివర నేనే పట్టుకుంటానని అప్పటికే నిర్ణయించుకున్నాను. పారసీ కాగితం చదివించడానికి ఉస్మానియా కాలేజీలో తెలిసినవాళ్లున్నారు. వాగు పాత దారి ఎటో చూపించగల ముసలివాళ్లను వెతకాలి. మెట్లు దిగుతూనే మనసులో పనులు వరస పెట్టుకున్నాను.

నన్ను ఇంటికి పంపడానికి వాళ్లు ఒప్పుకోలేదు. సాయంత్రం కింది రేవులో కట్టిన పడవ తీసుకుని ముగ్గురం మిట్టకు చేరేసరికి అందరూ రేవు దగ్గర నిలబడి ఉన్నారు. కంబన్న దూరం నుంచే చెయ్యి ఊపాడు. ఎవరూ కేకలు వేయలేదు. ఖాళీ చేయాల్సి వస్తుందని కట్టిపెట్టుకున్న మూటలు ఒక ఆడమనిషి విప్పడం మొదలుపెట్టింది, మిగిలినవాళ్లూ అదే పని చేశారు. గిన్నెలు పొయ్యి దగ్గరికి, చాపలు గోడ దగ్గరికి, వలలు వెదురు మీదికి పోయాయి. నా చేతి కట్టు విప్పి ఎవరో పసుపు, నూనె రాశారు. అన్నం తిన్నాక కంబన్న చినిగిన చాప ముందేసుకుని సూది, దారం తీశాడు. నేను అంచు లాగి పట్టుకున్నాను. సంచిని సంచికి రెట్టింపు కుట్టు వేస్తే ఈసారి చినగదని చెప్పాడు.

నాకు బయట మంచం వేశారు. గాలి తగ్గింది. నీళ్లు ఒడ్డును మెల్లగా తడుముతున్నాయి. ఉరుకుందమ్మ చివరిదాకా ఇళ్ల మధ్య తిరిగింది, ఎవరింట్లో దీపం ఉందో, ఎవరు తిన్నారో చూసుకుంటూ. తర్వాత నా మంచం కింద చెంబుతో నీళ్లు పెట్టి, లోపలికి పోయింది. నిద్రపోయినవాళ్లు లేవకుండా తలుపును కాస్త పైకెత్తి పట్టుకుని, నెమ్మదిగా వేసుకుంది.